గాలి యాడికి పోతాందో సూడు



కనుమనాడు అహోబిలం వెళితే ఒక ముచ్చట చూడొచ్చు. దేవుడి పల్లకి మీదికే చెంచులు విల్లు ఎక్కుపెడతారు. ఎవరూ అడ్డుపడరు. చెంచులక్ష్మిని పెళ్లాడాడు గనక నరసింహస్వామి వాళ్లకు బావ. మా పిల్లను తీసుకుపోయిన మొగుణ్ణి ఆ మాత్రం బెదిరించకపోతే ఎట్లా! ఆ రోజుతో పారువేట మొదలవుతుంది. నెలకు పైగా స్వామి చుట్టుపక్కల పల్లెలన్నీ తిరిగి తన పెళ్లికి జనాన్ని పిలిచి వస్తాడు. పారువేట అంటే వేటే మరి.

ఆ బాణం వెనక ఉన్న విద్య గురించే ఈ పూట నా మాటలు.

నల్లమల అంచున ఒక గూడెంలో ఓ పెద్దాయన తన విల్లు నా చేతికిచ్చాడు. వెదురు బద్ద. పిడికిలి పడే చోట నున్నగా, నల్లగా అయిపోయింది. అల్లెతాడు లాగబోతే నా వేళ్లు ఎర్రబడ్డాయి గానీ బద్ద జానెడు కూడా వంగలేదు. పక్కనే ఉన్న ఆయన మనవడు, పదేళ్లవాడు, ముఖం అటు తిప్పుకుని నవ్వుకున్నాడు. చెంచులకు కొలిమి లేదు. అమ్ముకు ఇనుప ములికి కావాలంటే పల్లెలో కమ్మరి దగ్గరికి రావాల్సిందే. అడవివాడికీ ఊరివాడికీ ఉన్న పాత బేరాల్లో అదొకటి.

“పిల్లోడికి విల్లు ఎప్పుడు పట్టించేవాళ్లు తాతా?” అన్నాను.

“విల్లుదేముందప్పా! నడక వచ్చినప్పటి నుంచీ ఆటకు చిన్న విల్లు చేతిలోనే ఉంటాది. తొండల్ని కొట్టుకుంటా తిరుగుతాడు. కణితి ఎనకాల పోవాలంటే మాత్రం ముందు ఊరకుండడం రావాల.”

అదీ అసలు చదువు. విల్లుతో కొట్టాలంటే జంతువుకు ఇరవై ముప్పై అడుగుల దాకా పోవాలి. తుపాకీవాడికి ఆ బాధ లేదు. దుప్పి చెవి ఒక్క క్షణం కుదురుగా ఉండదు, ముక్కు అంతకన్నా చురుకు. అందుకే పిల్లవాణ్ణి వెంటబెట్టుకుపోయిన మామో తాతో మొదట చేసే పని, చిటికెడు దుమ్ము తీసి గాల్లో వదలడం. “గాలి యాడికి పోతాందో సూడు.” దుమ్ము మన ముఖం మీదికి వస్తే ముందుకు పోవచ్చు. జంతువు వైపు పోతే చుట్టు తిరిగి పోవాలి, మైలైనా సరే. చెట్టుమీద కొండముచ్చులు మేస్తుంటే కింద దుప్పులుంటాయి, అవి రాల్చిన ఆకులూ కాయలూ తినడానికి. కొండముచ్చు గట్టిగా అరిచిందంటే దుప్పి తోక లేచినట్టే, ఆ పూటకు వేట ముగిసినట్టే.

ఉత్తచేతులతో తిరిగొచ్చే రోజులే ఎక్కువ. 1940లో కృష్ణకు ఆవల అమ్రాబాద్ కొండల మీద చెంచుల మధ్య ఉండి పుస్తకం రాసిన మానవశాస్త్రవేత్త హైమెన్‌డార్ఫ్ కూడా, వాళ్ల కడుపు నింపింది వేట కన్నా అడవి గడ్డలూ దుంపలూ పండ్లేనని గమనించాడు. వేట దొరికితే మాత్రం వాళ్ల దేవత గారెల మైసమ్మకు ఓ ముక్క పెట్టాకే మనుషులకు.

మన కడప వైపు వస్తే, వేట మాంసం ముందు దేవుడికి పెట్టడం కొత్త మాట కాదు. కన్నప్పగా మారిన తిన్నడిది రాజంపేట దగ్గరి ఊటుకూరేనని చెప్పుకుంటాం. వేటకు పోయిన బోయ కుర్రాడు తెచ్చిన మాంసం శివుడి ముందు పెట్టాడు. ధూర్జటి ఆ కథను కావ్యంలోకెక్కించాడు.

1972లో వన్యప్రాణి చట్టం వచ్చింది. నాగార్జునసాగర్–శ్రీశైలం అడవి 1983లో పులుల అభయారణ్యమైంది. దుప్పిని కొడితే కేసు. చట్టం ఉండాల్సిందే, నాకు సందేహం లేదు. కానీ నల్లమలలో దుప్పులు తగ్గింది చెంచు అమ్ములతో అంటే ఒప్పుకోను. తుపాకులతో షికారు చేసిన దొరలూ, ఉచ్చులూ కరెంటు తీగలూ పెట్టే ఇప్పటివాళ్లూ ఆ లెక్కలోకి రావాలి గదా.

అదృష్టం కొద్దీ, ఆ చదువు అటవీశాఖకు పనికొచ్చింది. బేస్ క్యాంపుల్లో కావలి కాసేవాళ్లలో, పులి అడుగు చూసి వెంట పోయేవాళ్లలో చెంచులు చాలామంది. ఆ పెద్దాయన కొడుకూ అందులోనే ఉన్నాడు. అడుగు అంచు విరిగి ఉంటే నిన్నటిది, పదునుగా ఉంటే పొద్దుటిది అని వేలితో నేల మీద గీసి చూపించాడు.

ఆ సాయంత్రం తాతా మనవడూ నన్ను గూడెం వెనకున్న చెలమ దాకా తీసుకుపోయారు. విల్లు చూరులోనే ఉంది. రాయి చాటున కూర్చున్నాం. నాకు కాలు తిమ్మిరెక్కింది, దగ్గు వచ్చింది, రెండూ దిగమింగుకున్నాను. పిల్లవాడు ఎవరూ చెప్పకుండానే చిటికెడు దుమ్ము పైకెత్తి వదిలాడు. అది మెల్లగా మా మీదికే వచ్చింది. తాత తల ఊపాడు.

చాలాసేపటికి నాలుగు చుక్కల దుప్పులు దిగాయి. నీళ్లు తాగి, వచ్చిన దారినే వెళ్లిపోయాయి.