డాబా మీద పలకలు, వాకిట్లో బండి: రెండింటికీ ఒకే కాగితం మీద లెక్క
(పీఎం సూర్యఘర్ పథకంపై ఆంధ్రప్రదేశ్‌లోని ఒక గ్రామ సచివాలయం దగ్గర జరిగిన లబ్ధిదారుల అవగాహన సమావేశంలో, విద్యుత్ శాఖలో పనిచేసి రిటైరైన లైన్ ఇన్‌స్పెక్టర్ ఒకరు చేసిన ప్రసంగ పాఠం)

 

నేను ముప్పై ఏళ్లకు పైగా స్తంభాలెక్కి రిటైరైనవాణ్ణి. సోలార్ అమ్మేవాణ్ణి కాదు. పొద్దున్నుంచి నన్ను ముగ్గురు ఒకటే అడిగారు: "సోలార్ పెట్టిస్తే బిల్లు సున్నా అంట, నిజమేనా?" ఆటో తోలే తమ్ముడొకడు ఇంకోటి అడిగాడు: "బ్యాటరీ ఆటో కొంటే డీజిల్ ఖర్చు పోద్ది సరే, కరెంటు బిల్లు పేలిపోద్ది కదా, మరి లాభమేంది?" రెండూ మంచి ప్రశ్నలే. రెండింటికీ జవాబు మీ ఇంట్లో మేకుకి గుచ్చిన పాత బిల్లుల్లోనే ఉంది.

ముందు పథకం సంగతి. 2024 ఫిబ్రవరిలో కేంద్రం మొదలుపెట్టిన పథకం ఇది. 1 కిలోవాట్ పెట్టిస్తే 30,000, 2 కిలోవాట్లకు 60,000, 3 కిలోవాట్లు, ఆపైన ఎంతైనా 78,000 రూపాయల సబ్సిడీ. మన రాష్ట్రంలో ఎస్సీ, ఎస్టీ ఇళ్లకు 2 కిలోవాట్ల వరకు ఉచితం. బీసీలకు 2 కిలోవాట్ల మీద కేంద్రం ఇచ్చే 60,000 కాక రాష్ట్రం ఇంకో 20,000 ఇస్తుంది. ఉచితం అన్న చోట ఎవరైనా "ఫైలు కదలాలంటే రెండు వేలవుద్ది" అంటే రూపాయి కూడా ఇవ్వకండి. నేరుగా సచివాలయంలో ఎనర్జీ అసిస్టెంటుకి చెప్పండి.

ఇప్పుడు బిల్లు తీయండి. మన ఇళ్ల కరెంటు రేటు మెట్లు మెట్లుగా ఉంటుంది. మొదటి 30 యూనిట్లు 1 రూపాయి 90 పైసలు. 75 వరకు 3 రూపాయలు. 125 వరకు నాలుగున్నర. 225 వరకు 6 రూపాయలు. 400 వరకు 8 రూపాయల 75 పైసలు. ఆ పైన 9 రూపాయల 75 పైసలు. దీనిమీద ఫిక్స్‌డ్ ఛార్జీ, సర్దుబాటు ఛార్జీలు అదనం, అవి మీకు నేను చెప్పక్కర్లేదు. రేట్లను కమిషన్ మార్చినప్పుడల్లా ఈ లెక్క కూడా మారుద్ది, చూసుకోండి.

రెండు ఫ్యాన్లు, నాలుగు బల్బులు, ఒక టీవీ ఉన్న ఇల్లు నెలకు 70 యూనిట్లు కాలుస్తుందనుకోండి. యూనిట్ల ఖర్చు 177 రూపాయలు. ఆ ఇంటికి 2 కిలోవాట్లు పెట్టిస్తే ఏమవుద్ది? పెట్టించడానికి దాదాపు లక్షా ఇరవై వేలవుద్ది. బీసీ అయితే సబ్సిడీలు పోగా సొంతంగా 40,000 పెట్టాలి. నెలకు మిగిలేది 177. ఆ 40,000 తిరిగి రావడానికి పద్దెనిమిదేళ్లు దాటుద్ది. అమ్మా, ఆ డబ్బు పెట్టకండి. ఉచితంగా వచ్చేవాళ్ల సంగతి వేరు. అప్పు చేసి మాత్రం వద్దు. ఈ మాట నేను చెప్తే టార్గెట్లు ఉన్నవాళ్లకి నచ్చదని తెలుసు. అయినా చెప్తాను.

అదే ఫ్రిజ్, మోటారు, వేసవిలో ఏసీ ఉండి నెలకు 250 యూనిట్లు కాల్చే ఇల్లు చూడండి. యూనిట్లకే 1,236 రూపాయలు. ఒక కిలోవాట్ పలకలు రోజుకు సగటున 4 యూనిట్లు ఇస్తాయి. వానాకాలం తక్కువ, వేసవిలో ఎక్కువ. 2 కిలోవాట్లకు నెలకు 240 యూనిట్ల దాకా వస్తాయి. ఇక మీరు కొనేది 10 యూనిట్లే, 19 రూపాయలు. నెలకు 1,200 పైగా మిగులుద్ది. రాష్ట్ర సబ్సిడీ లేని కుటుంబం పెట్టే 60,000 నాలుగేళ్లకు, బీసీ కుటుంబం పెట్టే 40,000 మూడేళ్ల లోపే తీరిపోద్ది. పలకలు పాతికేళ్లు పనిచేస్తాయి. ఇన్వర్టర్ అన్నేళ్లు రాదు, మధ్యలో ఒకసారైనా మార్చాల్సి వస్తుందని ఇప్పుడే మనసులో పెట్టుకోండి.

బిల్లు పూర్తిగా సున్నా అవుతుందని మాత్రం అనుకోకండి. ఫిక్స్‌డ్ ఛార్జీ, పాత సర్దుబాట్లు వస్తూనే ఉంటాయి.

ఇక తమ్ముడి ఆటో. నాకు దీని మీదే ఎక్కువ మాట్లాడాలని ఉంది. మన ఊళ్లల్లో ఆటో నడిస్తేనే ఇల్లు నడిచే కుటుంబాలు ఎన్నో ఉన్నాయి.

రోజుకు 100 కిలోమీటర్లు, నెలకు 26 రోజులు తిరిగే డీజిల్ ఆటో, లీటరుకు 30 కిలోమీటర్లు ఇచ్చిందనుకుంటే, లీటరు 97 రూపాయల లెక్కన నెలకు ఎనిమిది వేల పైనే తాగుద్ది. బ్యాటరీ ఆటో 100 కిలోమీటర్లకు, ఛార్జింగ్‌లో పోయేది కలిపి, 10 యూనిట్లు తీసుకుంటుంది. నెలకు 260 యూనిట్లు. ఇంట్లో 70 కాల్చేవాడి మీటరు 330కి చేరుద్ది. బిల్లు 177 నుంచి 1,936కి ఎగురుద్ది. తమ్ముడి భయం ఇదే. నిజమే, బిల్లు పదింతలు దాటింది. కానీ బంకులో పోసే ఎనిమిది వేలు ఆగిపోయాయి కదా! సోలార్ లేకపోయినా నెలకు ఆరు వేలు మిగిలినట్టే.

ఇప్పుడు ఆ ఇంటికి సోలార్ కలపండి. ఇందాక 70 యూనిట్ల ఇంటికి సోలార్ వద్దన్నాను. అదే ఇల్లు ఆటో వచ్చాక 330 యూనిట్ల ఇల్లయింది. 3 కిలోవాట్లు పెడితే నెలకు 360 యూనిట్ల దాకా వస్తాయి, ఇల్లూ ఆటో రెండూ సరిపోతాయి. దానికి లక్షా డెబ్బై వేలు అనుకుంటే, 78,000 సబ్సిడీ పోగా చేతి నుంచి పడేది 92,000. నెలకు 1,900 మిగిలితే నాలుగేళ్లలో తీరుద్ది. అందుకే అంటున్నాను, బండి లెక్క ఒక రోజు, కప్పు లెక్క ఇంకో రోజు వేయకండి. రెండూ ఒకే కాగితం మీద వేయండి.

"ఆటో పగలంతా తిరుగుద్ది, రాత్రి ఛార్జింగ్ పెడతాం, రాత్రి ఎండెక్కడిది?" అని వెనక నుంచి అంటున్నారు. దానికే నెట్ మీటరు. పగలు పలకలు చేసిన కరెంటు లైనులోకి పోతుంది, మీటరు రాసుకుంటుంది. రాత్రి లైనులోంచి మీరు తీసుకుంటారు, అదీ రాసుకుంటుంది. తేడాకే బిల్లు. మిగిలిన యూనిట్లకు డబ్బులొస్తాయి కదా అని అవసరానికి మించి పలకలు పెట్టకండి. వాటికి మీరు కొనే పై మెట్టు రేటు రాదు.

స్కూటర్ అయితే ఇంత ఆలోచన అక్కర్లేదు. నెలకు 600 కిలోమీటర్లు తిరిగితే పెట్రోలుకు దాదాపు 1,450 రూపాయలు. బ్యాటరీ స్కూటర్‌కి పాతిక యూనిట్లు. 70 యూనిట్ల ఇంటి బిల్లు ఓ 105 రూపాయలు పెరుగుద్ది, అంతే. స్కూటర్ కోసం సోలార్ పెట్టించక్కర్లేదు.

కారు గురించి కూడా అడుగుతున్నారు, పిల్లలు ఫోన్లో చూపిస్తున్నారంట. కరెంటు కారు ఒక యూనిట్‌కి ఆరేడు కిలోమీటర్లు పోతుంది. నెలకు 500 కిలోమీటర్లు తిరిగే ఇంటికి పెట్రోలు మీద రెండున్నర వేలు మిగులుద్ది. కానీ అలాంటి పెట్రోలు కారు కంటే కొనేటప్పుడు రెండు మూడు లక్షలు ఎక్కువ పెట్టాలి. అది రావడానికే ఎనిమిదేళ్లు అటూ ఇటూ. టాక్సీ తిప్పేవాళ్లకి బాగుంటుంది. పెళ్లిళ్లకీ తిరుపతికీ తీసే కారైతే తొందర పడక్కర్లేదని నా అభిప్రాయం.

బండి ఏదైనా, కొనేముందు బ్యాటరీ వారంటీ ఎన్నేళ్లు, ఎన్ని కిలోమీటర్లు అనేది కాగితం మీద రాయించుకోండి. బండిలో ఖరీదంతా బ్యాటరీదే. ఛార్జింగ్ మాత్రం 15 ఆంపియర్ల ప్లగ్గులోనే, మంచి ఎర్తింగ్ ఉన్న చోటే పెట్టండి. ఎక్స్‌టెన్షన్ బాక్సు కిటికీలోంచి లాగి పెట్టి, అది కరిగి గోడ నల్లబడిన ఇల్లు నేను కళ్లారా చూశాను. దేవుడి దయ, ఆ రాత్రి ఎవరో మెలకువగా ఉన్నారు.

ఇంకొక ముఖ్యమైన మాట. కరెంటు పోతే మీ సోలార్ కూడా ఆగిపోతుంది. మిట్ట మధ్యాహ్నం ఎండ మండుతున్నా సరే. పెట్టించుకున్నవాళ్లు చాలామంది దీనికే తిట్టుకుంటున్నారు. కారణం వినండి. నేను ఉద్యోగంలో ఉండగా, లైను ఆపేసి మా వాడొకడు స్తంభమెక్కాడు. ఆ వీధిలో ఒకరు జనరేటర్ వేశారు, దాని కరెంటు వెనక్కి లైనులోకి వచ్చింది. మా వాడు కిందపడ్డాడు. బతికాడు గానీ కుడిచెయ్యి మళ్లీ పనికిరాలేదు. వీధిలో పది ఇళ్ల పలకలు లైనులోకి కరెంటు తోస్తుంటే ఏ లైన్‌మ్యాన్ స్తంభమెక్కగలడు? అందుకే లైను చనిపోగానే ఇన్వర్టర్ తనంతట తానే ఆగేలా చేశారు. మీ ఇంట్లో పాత బ్యాటరీ ఇన్వర్టర్ ఉంటే దాన్ని తీసెయ్యకండి.

డాబా మీద చోటు సంగతి. ఒక కిలోవాట్‌కి 100 చదరపు అడుగులు, నీడ పడని చోటు కావాలి. కొబ్బరిచెట్టు నీడ ఒక్క పలక మీద పడినా మిగతావాటి కరెంటు కూడా తగ్గే వీలుంది. "మరి వడియాలు ఎక్కడ పెట్టుకోవాలి?" అని ఒక పిన్ని అడిగారు. ఫ్రేము మనిషి ఎత్తు లేపి బిగించమనండి, కింద నడవొచ్చు, పక్కన ఎండ చోటు మిగుల్చుకోవచ్చు. మనది తుపాన్ల కోస్తా, ఫ్రేము కాళ్లు కాంక్రీటులో దిగాయా లేదా దగ్గరుండి చూసుకోండి. దుమ్ము కడగడం పొద్దున్నే, పలకలు వేడెక్కకముందే.

దరఖాస్తు పీఎం సూర్యఘర్ వెబ్‌సైటులో. సర్వీసు నంబరు, ఆధార్, బ్యాంకు ఖాతా చాలు. 10 కిలోవాట్ల వరకు ఫీజిబిలిటీ పరిశీలన అక్కర్లేకుండానే ఆమోదించినట్టు లెక్క. వెండర్‌ని ఆ సైటులో ఉన్న జాబితా నుంచే ఎంచుకోండి, ఇద్దరు ముగ్గురి దగ్గర కొటేషన్ తీసుకోండి. పలకలు మన దేశంలో తయారైనవే ఉండాలి, లేకపోతే సబ్సిడీ రాదు. ఐదేళ్లు మరమ్మతులు వెండర్ బాధ్యతే.

సబ్సిడీ ముందు రాదు. పలకలు బిగించి, నెట్ మీటరు పెట్టి, తనిఖీ అయ్యాకే మీ ఖాతాలో పడుద్ది. ఈలోపు డబ్బు మీరే సర్దాలి. 3 కిలోవాట్ల వరకు బ్యాంకులు తాకట్టు లేకుండా ఆరు శాతం అటూ ఇటూ వడ్డీకి ఇస్తున్నాయి. చేబదులు మూడు రూపాయల వడ్డీకి తెచ్చారంటే నేను చెప్పిన లెక్కలన్నీ గంగలో కలిసినట్టే.

అద్దె ఇళ్లవాళ్లకి ఈ పథకం అందడం లేదు, కప్పు వాళ్లది కాదు కదా. ఆటోలు నడిపేవాళ్లల్లో ఎక్కువమంది అద్దె ఇళ్లల్లోనే ఉన్నారు. ఇది నాకు పెద్ద లోటుగానే కనిపిస్తుంది. వాళ్లు బండి మటుకు కొనుక్కోవచ్చు, ఇంటి ఓనరుతో సబ్‌మీటరు మాట ముందే తేల్చుకోండి.

చివరి సంగతి, అన్నింటికంటే ఎక్కువ దరఖాస్తులు ఇరుక్కునేది ఇక్కడే. మీటరు చనిపోయిన నాన్న పేరు మీద, ఆధార్ అమ్మ పేరు మీద, బ్యాంకు ఖాతా కొడుకు పేరు మీద ఉంటే డబ్బు ఆగిపోద్ది. మూడింటి మీదా ఒకే పేరు ఉండాలి. అలా లేనివాళ్లు ఈ రోజే పేరు మార్పు ఫారం నింపండి, ఎనర్జీ అసిస్టెంటు ఆ కిటికీ దగ్గరే ఉన్నారు. పేర్లు సరిగ్గా ఉండి, బిల్లు తెచ్చుకున్నవాళ్లు ఇటు నా బల్ల దగ్గరికి రండి. తమ్ముడూ, ముందు నీ బిల్లే ఇవ్వు.