కప్ప గుడ్డు చెప్పిన కొలత



కోనసీమలో అల్లవరం, ఉప్పలగుప్తం, కాట్రేనికోన వైపు రొయ్యల చెరువులున్న ఇళ్ల పిల్లలకు ‘వైట్ స్పాట్’ అన్న మాట కొత్త కాదు. 1990ల మధ్యలో ఆంధ్ర తీరాన్ని తాకిన ఆ తెల్లమచ్చల వ్యాధి, పంట చేతికొచ్చేలోపే చెరువులను ఖాళీ చేసింది. జబ్బుపడ్డ రొయ్య మొప్పల్లోంచి చిన్న ముక్క తీసి, రంగు వేసి మైక్రోస్కోపు కింద పెడితే కణాల్లోని కేంద్రకాలు బాగా ఉబ్బి కనిపిస్తాయి. ఈ వ్యాధికి కారణమైన వైరస్ చేరేది కేంద్రకంలోకే, తన నకళ్లు తయారుచేసుకునేదీ అక్కడే.

కేంద్రకం సైజు చూసి జబ్బును పట్టుకోవడం రొయ్యలతో ఆగదు. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ కోసం చేసే పాప్ పరీక్షలో డాక్టర్లు ముందుగా చూసేవాటిలో కేంద్రకం ఒకటి. కణంలో అది ఎంత మేర ఆక్రమించింది, అంచు నున్నగా ఉందా, వంకరలు తిరిగిందా అని చూస్తారు. అంటే ఆరోగ్యంగా ఉన్న కణానికి తన కేంద్రకం ఎంత ఉండాలో ఒక లెక్క ఉంది. జబ్బు చేసినప్పుడు ఆ లెక్క తప్పుతుంది.

ఈ లెక్కను మొదట గట్టిగా పట్టించుకున్న వారిలో జర్మన్ జంతుశాస్త్రవేత్త రిచర్డ్ హెర్ట్‌విగ్ ఒకరు. కేంద్రకానికీ దాని చుట్టూ ఉన్న కణద్రవ్యానికీ మధ్య ఒక నిష్పత్తి నిలకడగా ఉంటుందని ఆయన 1903లోనే చెప్పాడు. ఆ నిష్పత్తిని కణం ఎలా కాపాడుకుంటుందన్న ప్రశ్న మాత్రం వందేళ్లకు పైగా తేలకుండా ఉండిపోయింది. డీఎన్ఏ ఎక్కువుంటే కేంద్రకం పెద్దదవుతుంది, అంతే కదా అనిపిస్తుంది. కానీ ఒకే శరీరంలో ఒకే డీఎన్ఏ ఉన్న కణాల్లో కూడా కేంద్రకాలు ఒక్క సైజులో ఉండవు.

దారి చూపినవి రెండు ఆఫ్రికా కప్పలు. జెనోపస్ లేవిస్ పెద్దది, దానికి 36 క్రోమోజోములు. జెనోపస్ ట్రాపికాలిస్ చిన్నది, దానికి 20. పెద్ద కప్ప గుడ్డూ పెద్దదే, దాని పిండంలోని కేంద్రకాలూ పెద్దవే. కాలిఫోర్నియాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో డేనియల్ లెవీ, రెబెకా హీల్డ్ ఈ తేడానే ఆధారంగా తీసుకున్నారు. కప్ప గుడ్లను సెంట్రిఫ్యూజ్‌లో వేసి తిప్పితే అవి పగిలి పొరలుగా విడిపోతాయి. పైన కొవ్వు, అడుగున సొన, నడుమ కణద్రవ్యం. ఆ నడిమి పొరను తీసి, అందులో కప్ప వీర్యకణాల డీఎన్ఏ కలిపితే, కణమంటూ లేకుండానే పరీక్షనాళికలో దాని చుట్టూ పొర ఏర్పడి కేంద్రకం తయారవుతుంది, పెరుగుతుంది కూడా.

తర్వాత వాళ్లు చేసిన పని చాలా సూటిగా ఉంటుంది. చిన్న కప్ప డీఎన్ఏను పెద్ద కప్ప ద్రవ్యంలో, పెద్ద కప్ప డీఎన్ఏను చిన్న కప్ప ద్రవ్యంలో వేశారు. డీఎన్ఏ ఏ కప్పదైనా, పెద్ద కప్ప ద్రవ్యంలో పెరిగిన కేంద్రకమే పెద్దదైంది. రెండు ద్రవ్యాలనూ కలిపి పాళ్లు మారుస్తూ పోతే కేంద్రకాల సైజు కూడా ఆ పాళ్లను బట్టే మారింది. కొలతను ప్రధానంగా నడిపేది లోపలి డీఎన్ఏ కాదు, చుట్టూ ఉన్న ద్రవ్యంలోని సరుకు.

ఏ సరుకు? 2010లో ‘సెల్’ పత్రికలో వచ్చిన వారి వ్యాసం రెండు ప్రొటీన్ల పేర్లు చెప్పింది. కేంద్రకం పొరలో సన్నని రంధ్రాలుంటాయి. కోనసీమ కాలువల మీది లాకుల్లాగే అవి ఏది లోపలికి పోవాలో, ఎంత పోవాలో అదుపు చేస్తాయి. ఇంపోర్టిన్ ఆల్ఫా అనే ప్రొటీన్ సరుకును పట్టుకుని ఆ రంధ్రాల గుండా లోపలికి చేరుస్తుంది. ఎన్‌టీఎఫ్2 అనే మరో ప్రొటీన్ ఎక్కువైతే పెద్ద సరుకు లోపలికి పోవడం తగ్గుతుంది. పెద్ద కప్పలో మొదటిది ఎక్కువ, రెండోది తక్కువ. చిన్న కప్ప ద్రవ్యంలో ఈ రెండింటినీ ఆ పాళ్లకు తెస్తే, దాని కేంద్రకాలు చాలావరకు పెద్ద కప్ప కేంద్రకాల సైజుకు పెరిగాయి.

లోపలికి చేరే సరుకులో ముఖ్యమైనది లామిన్. కేంద్రకం పొరకు లోపలి వైపు వలలా అల్లుకుని ఆసరా ఇచ్చే ప్రొటీన్ ఇది. లామిన్లలో లోపాలుంటే కొన్ని రకాల కండరాల జబ్బులు వస్తాయి. హైదరాబాద్‌లోని కణజీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీలో వీణా పర్నాయిక్ బృందం ఈ లామిన్ల మీద ఏళ్ల తరబడి పనిచేసింది.

పిండంలో ఈ లెక్క కాలాన్ని కూడా నడుపుతుంది. సుమారు 1.2 మిల్లీమీటర్ల లేవిస్ గుడ్డు, మొదటి విభజన తర్వాత అరగంటకోసారి చొప్పున చకచకా విడిపోతూ, 12 విభజనలకు దాదాపు నాలుగు వేల కణాలవుతుంది. పిండం మొత్తం సైజు మాత్రం పెరగదు. కణాలు చిన్నవవుతున్న కొద్దీ కేంద్రకాలూ చిన్నవవుతాయి, కానీ కణాలు తగ్గినంతగా తగ్గవు. ఆ దశలో విభజనల వేగం తగ్గి, పిండం సొంత జన్యువులు పెద్ద ఎత్తున పనిలోకి దిగుతాయి. పిండంలో కేంద్రకాల సైజును మారిస్తే ఆ మలుపు వచ్చే వేళ కూడా మారుతుందని ప్రెడ్రాగ్ యెవ్‌టిచ్, లెవీ 2015లో చూపించారు.

గోదావరి వసిష్ఠ పాయకు అవతల, భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు పని కూడా ఈ లెక్కకు ఇంకో వైపు నుంచి తగులుతుంది. ఫోలిక్ ఆమ్లం కొరవడితే ఎముక మజ్జలో డీఎన్ఏ తయారీ మందగిస్తుంది, కణద్రవ్యం మాత్రం పెరుగుతూనే ఉంటుంది. ఎర్ర రక్తకణాలు కావాల్సిన కణాలు పక్వానికి రాని పెద్ద కేంద్రకాలతో ఉబ్బిపోతాయి. ఇలా వచ్చే రక్తహీనతకు మందైన ఫోలిక్ ఆమ్లాన్ని 1940ల మధ్యలో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో సుబ్బారావు నడిపిన పరిశోధక విభాగమే కృత్రిమంగా తయారుచేసింది. ఈనాడు ఊరి ఆరోగ్య కేంద్రంలో గర్భిణులకిచ్చే ఐరన్ మాత్రలో ఉండేది ఆ ఫోలిక్ ఆమ్లమే.

అమలాపురంలో ఈరోజు పట్టా అందుకుంటున్నవారిలో కొందరు ఆక్వా ల్యాబుల్లో పీసీఆర్ పరీక్షలు చేస్తారు, కొందరు ఆసుపత్రి ల్యాబుల్లో స్లయిడ్లు చూస్తారు, కొందరు పీజీ చేసి పరిశోధనకు వెళతారు. రిపోర్టులో ‘కేంద్రకం పెద్దదైంది’ అని రాయడం వాళ్ల ఉద్యోగంలో భాగమవుతుంది. అలా రాసిన ప్రతిసారీ ఎంత పెద్దదైంది, దేనివల్ల పెద్దదైంది అని అడగాల్సిన బాధ్యత కూడా వాళ్లదే. లెవీ, హీల్డ్ చేసింది అదే. అందరికీ కనిపిస్తున్న తేడాను కొలిచారు, కారణాన్ని రెండు ప్రొటీన్ల దాకా వెతుక్కుంటూ వెళ్లారు.

క్యాన్సర్ కణంలో కేంద్రకం పెరగడం జబ్బుకు కారణమా, ఫలితమా అన్నది శాస్త్రం ఇంకా తేల్చలేదు. దాన్ని మామూలు సైజుకు తెస్తే జబ్బు నెమ్మదిస్తుందేమోనని కొన్ని ప్రయోగశాలలు మందులు వెతుకుతున్నాయి. ఆ పనికి కణజీవశాస్త్రం తెలిసినవాళ్లతో పాటు రసాయన శాస్త్రం చదివినవాళ్లు, మైక్రోస్కోపు చిత్రాలను కంప్యూటరుతో కొలవగలిగినవాళ్లు, గణాంకాలు తెలిసినవాళ్లు కావాలి. అలాంటి చదువులు పూర్తిచేసుకున్నవాళ్లు ఈ వరసల్లో ఉన్నారు.