దేని గురించి? ఏమంటోంది?

సాహిత్యంలో విషయం వేరు, థీమ్ వేరు. రచన దేని గురించి అన్న ప్రశ్నకు జవాబు విషయం. ప్రేమ, వెట్టి, కట్నం అని ఒక్క మాటలో చెప్పేయవచ్చు. ఆ విషయం మీద రచన ఏమంటోంది అన్నదానికి జవాబు థీమ్. దానికి నిండు వాక్యం కావాలి.

గురజాడ 'కన్యాశుల్కం' 1892లో విజయనగరంలో తొలిసారి ఆడింది, 1897లో అచ్చయింది, 1909లో తిరగరాసిన రూపంలో వచ్చింది. డబ్బు పుచ్చుకొని ఆడపిల్లకు పెళ్లి చేసే ఆచారం దాని విషయం. ఆ ఆచారం పోయింది, నాటకం నిలిచింది. సంస్కరణ మీద ఉపన్యాసాలు దంచే గిరీశం కన్నా వేశ్య మధురవాణికే మనస్సాక్షి ఎక్కువని అది చూపిస్తుంది. మాటకూ నడతకూ ఉన్న ఆ ఎడం ఇంకా పూడలేదు. గిరీశాలు స్నాతకోత్సవ వేదికల మీదా తగులుతుంటారు.

విషయం ఒకటే అయినా థీమ్‌లు వేరు కావచ్చు. ఇందుకు సికింద్రాబాద్‌లోనే సాక్ష్యం ఉంది. ఇక్కడి పురపాలక సంస్థలో ఉద్యోగం చేసిన దాశరథి రంగాచార్య 'చిల్లర దేవుళ్లు' నవల, ఇక్కడి తిరుమలగిరిలో 1934లో పుట్టిన శ్యామ్ బెనగల్ 1974 నాటి 'అంకుర్' సినిమా, రెండింటి విషయమూ తెలంగాణ దొరతనమే. ఎక్కడో ఉన్న నిజాం కన్నా ఊళ్లోని దొర, కరణాల పెత్తనమే మనిషిని ఎక్కువ నలుపుతుందని నవల అంటుంది. పెత్తనం చేసేవాడి క్రూరత్వానికి వేరు వాడి పిరికితనమేనని సినిమా అంటుంది. పని అడగడానికి వస్తున్న పనిమనిషి భర్త కిష్టయ్యను చూసి, అతని భార్య విషయంలో తాను చేసిన తప్పుకు బదులు తీర్చుకోవడానికే వస్తున్నాడనుకొని, దొర కొడుకు భయంతో కొరడా అందుకుంటాడు.

విషయాన్ని థీమ్ అనుకోవడం చిన్న పొరపాటు. థీమ్‌ను నీతి అనుకోవడం మొండి జబ్బు. 'దీనివల్ల మనం నేర్చుకోవలసినది' అనే వరస చిన్న తరగతుల వాచకంతో అంటుకుంటుంది, కొందరికి ఎం.ఏ. పట్టా చేతికొచ్చినా వదలదు. 'అబద్ధమాడరాదు' అని చెప్పడానికైతే గురజాడకు ఏడు అంకాలెందుకు? ఏం చేయాలో నీతి చెబుతుంది. లోకం ఎలా నడుస్తోందో థీమ్ చూపిస్తుంది. గైడు పుస్తకాలు నీతినే అందిస్తాయి, బట్టీకి అదే తేలిక గనక. ఆ గైడుతో గట్టెక్కిన పిల్లలే రేపు పంతుళ్లై మళ్లీ దాన్నే డిక్టేట్ చేస్తారు. బంగారం లాంటి పిల్లలే, మూలం తెరవడానికే బద్ధకం.

తేడా పట్టుకోవడం కష్టం కాదు. విషయాన్ని ఒక మాటలో రాయాలి, దాన్ని వాక్యంగా సాగదీయాలి, ఆ వాక్యానికి రచనలోంచి, ముఖ్యంగా ముగింపులోంచి, సాక్ష్యం చూపాలి. సాక్ష్యం దొరకకపోతే అది చదివినవారి అభిప్రాయమే గాని రచన థీమ్ కాదు. ఒకే రచనకు ఇలాంటి వాక్యాలు రెండు మూడు నిలబడవచ్చు. పెద్ద రచనలకు నిలబడి తీరతాయి.