ఇల్లు దెబ్బతింటే నష్టం ఎవరు భరిస్తారు? : గృహ బీమా క్లెయిములు



ఈనాటి మన పాఠ్యాంశం గృహ బీమా. ముందుగా కోల్‌కతా నగరంలో జరిగిన ఒక సంఘటన తెలుసుకుందాం.

మధ్య కోల్‌కతాలో బౌబజార్ అనే పాత పేట ఉంది. అక్కడి ఇరుకు సందుల్లో తరతరాలుగా కంసాలి పనివారు నివసిస్తున్నారు. ఒక సందు పేరే స్యాక్రాపాడా లేన్. బెంగాలీలో స్యాక్రా అంటే కంసాలి. ఈస్ట్-వెస్ట్ మెట్రో కోసం ఈ ఇళ్ళ కింద సొరంగం తవ్వుతుండగా, 2019 ఆగస్టు 31న తవ్వే యంత్రం భూగర్భ జలపొరను తాకింది. నీరు, మట్టి సొరంగంలోకి దూసుకొచ్చాయి. పైన నేల కుంగింది. దుర్గా పితూరి లేన్, స్యాక్రాపాడా లేన్లలో ఇళ్ళు బీటలు వారాయి, కొన్ని కూలిపోయాయి. ఎన్నో కుటుంబాలు కట్టుబట్టలతో బయటపడి హోటళ్ళలో తలదాచుకున్నాయి. 2022లో మే నెలలోనూ, అక్టోబరులోనూ ఆ ప్రాంతంలో మళ్ళీ ఇళ్ళు బీటలు వారాయి. ఎస్ప్లనేడ్-సియాల్దా మధ్య ఆ మార్గంలో రైళ్ళు 2025 ఆగస్టులో మొదలయ్యాయి.

ఇటువంటప్పుడు నష్టం ఎవరు భరించాలి? ఇంటి యజమాని బీమా చేసి ఉంటే కంపెనీ చెల్లిస్తుందా? సమాధానం తెలియాలంటే బీమా సూత్రాలు కొన్ని తెలియాలి.

మన దేశంలో బీమా వ్యాపారం వేళ్ళూనింది కోల్‌కతాలోనే. సాధారణ బీమా కోసం ట్రైటన్ ఇన్సూరెన్స్ కంపెనీ 1850లో అక్కడే ఏర్పడింది. 1906లో స్థాపించిన నేషనల్ ఇన్సూరెన్స్ కంపెనీ ప్రధాన కార్యాలయం ఇప్పటికీ ఆ నగరంలోనే ఉంది.

మొదటి సూత్రం, బీమా చేయదగిన ఆసక్తి. ఏ వస్తువు పోతే మనకు ఆర్థికంగా నష్టమో దానికే మనం బీమా చేయగలం. పాత కోల్‌కతా ఇళ్ళలో చాలామంది అద్దెకుండేవారే. కిరాయిదారు మంచాలు, బీరువాలు, టీవీ వంటి తన సామానుకు బీమా చేయవచ్చు. గోడలకూ కప్పుకూ బీమా చేయవలసినది యజమాని.

రెండవది, నష్టపూర్తి సూత్రం. బీమా నష్టాన్ని పూడుస్తుందే గాని లాభం ఇవ్వదు. ఇంటికి బీమా చేయడమంటే స్థలం ధరకు చేయడం కాదు. నేల కాలిపోదు కదా! తిరిగి కట్టడానికి అయ్యే ఖర్చే లెక్క. 800 చదరపు అడుగుల ఇంటికి, అడుగుకు 2,000 రూపాయలు నిర్మాణ వ్యయం అనుకుంటే బీమా మొత్తం 16 లక్షలు. ఆ ఫ్లాటు బజారులో 50 లక్షలు పలికినా ఈ లెక్క మారదు.

తక్కువ మొత్తానికి బీమా చేస్తే ఏమవుతుంది? 20 లక్షల విలువైన భవనానికి 10 లక్షలకే బీమా చేశారనుకోండి. 4 లక్షల నష్టం జరిగింది. పాత పద్ధతి పాలసీలలో సగం విలువకే బీమా ఉంది కనుక సగం నష్టమే, అంటే 2 లక్షలే ఇస్తారు. 2021 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చిన భారత్ గృహ రక్ష పాలసీలో ఈ కోత లేదు. బీమా మొత్తానికి లోబడి అసలు నష్టం చెల్లిస్తారు. ఇంటికి బీమా చేస్తే, దాని మొత్తంలో 20 శాతం వరకు, 10 లక్షలు మించకుండా, ఇంటి సామానుకు కూడా రక్షణ దానంతట అదే లభిస్తుంది. నగలకు మాత్రం విడిగా కోరి తీసుకోవాలి. ఇంట్లోనే వ్యాపారం చేసేవారి సరుకుకు వ్యాపార పాలసీ వేరే కావాలి.

మూడవది, సమీప కారణం. నష్టానికి అసలు కారణం ఏమిటి? అది పాలసీలో ఉన్నదా? 2020 మే 20న వచ్చిన ఉంఫన్ తుపానుకు కోల్‌కతాలో చెట్లు వేలాదిగా కూలాయి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖపట్నాన్ని ఎలా అతలాకుతలం చేసిందో మన పెద్దలు చెబుతారు. తుపాను, వరద, అగ్నిప్రమాదం, భూకంపం పాలసీలో ఉన్నవే. గాలికి కప్పు ఎగిరిపోతే క్లెయిము చేయవచ్చు. కానీ ఏళ్ళ తరబడి చెమ్మ దిగి పెచ్చులూడిన గోడకు పరిహారం రాదు. అది ప్రమాదం కాదు, అరుగుదల.

ఇప్పుడు బౌబజార్ ప్రశ్నకు వద్దాం. నేల కుంగడం కూడా పాలసీలో ఉంది. అయితే దాని కిందే మినహాయింపులు ఉన్నాయి. కొత్త కట్టడం సర్దుకోవడం వల్ల వచ్చే మామూలు బీటలు, నాసిరకం పనితనం, నిర్మాణ పనులు, తవ్వకాలు వీటివల్ల నేల కుంగితే వర్తించదు. అంటే బౌబజార్ వంటి సందర్భంలో గృహ బీమా పత్రం చేతిలో ఉన్నా ఈ ఒక్క వాక్యం అడ్డు వస్తుంది.

మరి బాధితుడి గతి ఏమిటి? ఇక్కడే బీమా వేరు, బాధ్యత వేరు అని గ్రహించాలి. ఒకరి పని వల్ల మరొకరి ఇల్లు దెబ్బతింటే, ఆ పని చేయించినవారు బాధ్యత వహించాలి. 2019లో కుటుంబానికి 5 లక్షల రూపాయల చొప్పున పరిహారం ప్రకటించినది మెట్రో సంస్థే, బీమా కంపెనీ కాదు. ఒకవేళ ఇతరుల తప్పు వల్ల కలిగిన నష్టానికి బీమా కంపెనీ చెల్లిస్తే, వారినుంచి రాబట్టుకునే హక్కు కంపెనీకి సంక్రమిస్తుంది. పాలసీదారు ఒకే నష్టానికి రెండుసార్లు డబ్బు తీసుకోరాదు.

ఇక క్లెయిము చేసే విధానం. ముందు ప్రాణాలు కాపాడుకోవాలి. తరువాత నష్టం పెరగకుండా చూడాలి. ఎగిరిన కప్పుమీద టార్పాలిన్ కప్పడం వంటివి చేయాలి. వెంటనే కంపెనీకి తెలపాలి. అగ్నిప్రమాదమైతే అగ్నిమాపక శాఖకు, దొంగతనమైతే పోలీసులకు ఫిర్యాదు చేయాలి. దెబ్బతిన్న ప్రతి భాగాన్నీ ఫొటో తీయాలి. సర్వేయర్ వచ్చి చూసేలోగా పాడైన సామాను పారవేయకూడదు. సర్వేయర్ లైసెన్సు పొందిన నిపుణుడు. ఆయన నష్టాన్ని అంచనా వేసి నివేదిక ఇస్తారు. మరమ్మతు అంచనాలు, బిల్లులు ఆయనకు చూపాలి. భారత్ గృహ రక్షలో శిథిలాలు తొలగించే ఖర్చుకూ ఒక పరిమితి మేరకు చెల్లింపు ఉంది. పాలసీలోని ప్రమాదం వల్ల ఇల్లు నివాసయోగ్యం కాకపోతే, వేరే చోట అద్దెకుండే ఖర్చు కూడా అడగవచ్చు.

క్లెయిము తిరస్కరిస్తే కారణం రాతపూర్వకంగా కోరాలి. ముందు కంపెనీలోని ఫిర్యాదుల విభాగానికి రాయాలి. నెలలోగా జవాబు రాకున్నా, వచ్చిన జవాబు సంతృప్తినివ్వకున్నా బీమా అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించవచ్చు. కోల్‌కతాలోనూ హైదరాబాదులోనూ ఈ కార్యాలయాలు ఉన్నాయి. రుసుము లేదు, వకీలు అక్కరలేదు. వినియోగదారుల కమిషన్ మరొక మార్గం.

చివరగా ఒక మాట. బౌబజార్ వాసులు హఠాత్తుగా ఇల్లు వదిలినప్పుడు చాలామంది పత్రాలు లోపలే ఉండిపోయాయి. తాము అక్కడ నివసించామని, ఫలానా సామాను ఉండేదని నిరూపించే కాగితం కూలే ఇంట్లోనే ఉంటే ఏం ప్రయోజనం? కాబట్టి ఈరోజు ఇంటికి వెళ్ళి మూడు పనులు చేయండి. మీ ఇంటికి పాలసీ ఉందా అని అమ్మానాన్నలను అడగండి. ఉంటే మినహాయింపుల పేజీ వారితో కలిసి చదవండి. దస్తావేజులు, అద్దె రసీదులు, గదుల ఫొటోలు వీటి నకళ్ళు మరో చోట, బంధువుల ఇంటనైనా సరే, భద్రపరచండి.

వచ్చే పాఠంలో మళ్ళీ కలుసుకుందాం. సెలవు.