వాన నీళ్లు పట్టుకుందాం, పరీక్ష చేయమని అడుగుదాం

(జ్యోతినగర్‌లో రైతుల సమావేశంలో చేసిన ప్రసంగం)



మనలో కొందరం బావి కాడనే ఇల్లు కట్టుకుని ఉంటున్నాం. అక్కడికి కరెంటు తీగ లేదు, నల్లా పైపు లేదు. ఓపెన్‌కాస్ట్ గని లోతుకు పోవాలంటే ఊట నీళ్లు తోడిపోయాలి. అట్లా తోడితే చుట్టుపక్కల బావుల్లో మట్టం దిగుతుంది. దూరం నుంచి బిందె మోసేది మన ఆడవాళ్లే. అందుకే ఇంటి మీద పడే వాన గురించి మాట్లాడుకుందాం.

లెక్క సులువు. చదరపు మీటరు కప్పు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు. 20 అడుగుల పొడవు, 15 అడుగుల వెడల్పు రేకుల ఇల్లు సుమారు 28 చదరపు మీటర్లు. 10 మిల్లీమీటర్ల వానకు 280 లీటర్లు వస్తాయి.

అయితే మన రేకుల మీద బొగ్గు దుమ్ము, బూడిద పేరుకుంటాయి. అందుకని మొదటి 60 లీటర్లు, అంటే నాలుగు బిందెలు, తాగడానికి పట్టొద్దు. పైపుకు టీ జాయింటు పెట్టి ముందు చిన్న డ్రమ్ము నిండనిద్దాం. అది నిండినాకనే పెద్ద డ్రమ్ములోకి పోవాలి. నాలుగు రోజులు ఎండ కాస్తే మళ్లీ ఇదే పని.

వడపోతకు అడుగున కంకర, దాని మీద దొడ్డు ఇసుక, కట్టె బొగ్గు, పైన సన్న ఇసుక. కట్టె బొగ్గే వాడాలి, గని బొగ్గు కాదు. డ్రమ్ముకు మూత, దోమ రాకుండా జాలీ ఉండాలి. తేటబడ్డ 1000 లీటర్లకు రెండున్నర గ్రాముల తాజా బ్లీచింగ్ పౌడరు కలిపి అరగంట ఆగాలి. లేదంటే తెర్లేదాకా కాచాలి.

దీంతో క్రిములు చస్తాయి. కానీ బూడిదలో కొద్దికొద్దిగా ఉండే ఆర్సెనిక్, సీసం వంటివి నీళ్లలో కరిగితే కాచినా పోవు. నీళ్లు ఇగిరిన కొద్దీ ఇంకా చిక్కబడతాయి. అవి ఉన్నయో లేవో మన కంటికి కనబడదు, ల్యాబులోనే తేలాలి.

ఆ ఖర్చు మన జేబు నుంచి ఎందుకు పెట్టాలె? 2015లో గనుల చట్టం సవరించి జిల్లా మినరల్ ఫౌండేషన్లు పెట్టారు. ఆ నిధిలో కనీసం 60 శాతం తాగునీరు, వైద్యం, చదువు వంటి పనులకే పెట్టాలని అదే ఏడాది కేంద్రం చెప్పింది. అది దానం కాదు, మన హక్కు.

డ్రమ్ములు మనం పెట్టుకుందాం. నీటి పరీక్ష సర్కారు చేయాలి, ఫలితం పంచాయతీ గోడ మీద రాయాలి. వచ్చే సోమవారం పెద్దపల్లి కలెక్టరేట్‌లో ప్రజావాణికి అర్జీతో పాటు తలా ఒక సీసా నీళ్లు పట్టుకుని పోదాం.