కాపలా ఎవరి మీద?

గనుల్లో ప్రాణాలు విడిచిన మన కార్మికుల స్మృతిలో మాట్లాడమన్నారు. ఆదిలాబాద్ రైలు పెద్ద లైనులో కలిసే, మహారాష్ట్రలోని ఈ మాజ్రిలో, పొట్ట చేతపట్టుకుని వచ్చిన కుటుంబాల ముందు, చట్టానికీ కొత్త సాంకేతికతకూ నడుమ సాగిన పెనుగులాట చెబుతాను. ఏ కొత్త యంత్రం వచ్చినా వేలిముద్ర ముందుగా ఇవ్వాల్సింది కూలి మనిషే కదా.

కథ 1962 నాటి సుప్రీంకోర్టు తీర్పుతో మొదలైంది. ఉత్తరప్రదేశ్‌లో ఖరక్ సింగ్ అనే వ్యక్తిపై దోపిడీ కేసు పెట్టి, సాక్ష్యం లేక వదిలేశారు. అయినా పోలీసులు ఆయన పేర హిస్టరీ షీట్ తెరిచి, అర్ధరాత్రి తలుపు తట్టేవారు. ఆ రాత్రి సోదాలను సుప్రీంకోర్టు కొట్టేసింది గానీ, గోప్యత రాజ్యాంగం హామీ ఇచ్చిన హక్కు కాదంది. రాజమండ్రిలో పుట్టిన జస్టిస్ కోకా సుబ్బారావు ఒప్పుకోలేదు. గోప్యత లేనిదే స్వేచ్ఛ లేదని, జస్టిస్ షాతో కలిసి భిన్న తీర్పు రాశారు. ఆధార్‌పై రిటైర్డ్ జడ్జి పుట్టస్వామి వేసిన కేసులో, 2017 ఆగస్టు 24న, తొమ్మిదిమంది న్యాయమూర్తులు ఏకగ్రీవంగా ఆ మాటకే పట్టం కట్టారు. అప్పటికి సుబ్బారావుగారు పోయి నలభై ఏళ్లు దాటింది.

గోప్యతకు అవతలి ఒడ్డున సమాచార హక్కు ఉంది. దాని కోసం నిలిచిన మన కాలపు ఆచార్యుడు మాడభూషి శ్రీధర్. వరంగల్‌లో ‘జనధర్మ’ పత్రిక నడిపిన ఎం.ఎస్. ఆచార్య కుమారుడు. విలేకరిగా పనిచేసి, తర్వాత హైదరాబాద్ నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయంలో మీడియా చట్టం బోధించారు. 2013 నుంచి 2018 వరకు కేంద్ర సమాచార కమిషనర్. పదవి చివరి నెలలో, బ్యాంకులకు ఉద్దేశపూర్వకంగా అప్పు ఎగ్గొట్టినవారి జాబితా ఎందుకు బయటపెట్టలేదని రిజర్వు బ్యాంకు గవర్నరుకే షోకాజ్ నోటీసు ఇచ్చారు. పాఠం చెప్పిన చట్టాన్ని కుర్చీలో కూర్చుని అమలుచేయడం ఎందరికి సాధ్యం? ఆయన మీద నా గౌరవానికి మూలం అదే.

నా ఆవేదన ఇక్కడే. 2023 డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టంలోని 44(3) సెక్షన్, సమాచార హక్కు చట్టంలోని 8(1)(జె)ని మార్చేసింది. ‘ప్రజా కార్యకలాపంతో సంబంధం లేనిది’ వంటి షరతులు ఎగిరిపోయి, వ్యక్తిగత సమాచారమైతే చాలు, నిరాకరించే వీలొచ్చింది. 2025 నవంబరులో దాన్ని అమల్లోకి తెచ్చారు. శ్రీధర్‌గారు ఈ మార్పును గట్టిగా వ్యతిరేకించారు. కాంట్రాక్టరు మస్టర్‌లో, అంటే కూలీల హాజరు పట్టీలో, దొంగ పేర్లున్నాయా అని అడిగితే, పేర్లన్నీ వ్యక్తిగతమే అనొచ్చు! అర్ధరాత్రి తలుపు తట్టించుకున్న మనిషి కోసం పుట్టిన హక్కు, తట్టినవాడి ఫైలుకు మూత కావడం నాకు మింగుడుపడదు.

అయితే సమాచార హక్కు చట్టంలో 8(2) ఇంకా బతికే ఉంది: ప్రజాప్రయోజనం ఎక్కువైతే సమాచారం ఇవ్వొచ్చు. మస్టర్ నకలు కోరేటప్పుడు ఆ సెక్షన్ పేరు దరఖాస్తులో తప్పక రాయించండి. ఇంగ్లీషు, హిందీ, లేదా ఈ ప్రాంతపు అధికార భాష మరాఠీలో ఇవ్వాలి. కేంద్ర సంస్థలకు రుసుము పది రూపాయలు, దారిద్ర్యరేఖకు దిగువనున్నవారికి అదీ లేదు. రాయలేనివారు నోటితో చెబితే, దాన్ని రాతలో పెట్టేందుకు సాయపడాల్సింది ఆ ఆఫీసులోని సమాచార అధికారే.