పక్షవాతం: మెదడుకు రక్తం అందుతున్నదా?



మన మెదడు బరువు శరీరం బరువులో సుమారు 2 శాతమే. కాని గుండె పంపే రక్తంలో దాదాపు 15 శాతం దానికే కావాలి. మెదడుకు వెళ్ళే రక్తనాళంలో గడ్డ అడ్డుపడితే మూతి వంకరపోతుంది, ఒక ప్రక్క చెయ్యి, కాలు పడిపోతాయి, మాట తడబడుతుంది. ఇదే పక్షవాతం. పెద్ద రక్తనాళం మూసుకుపోతే నిమిషానికి సుమారు 19 లక్షల మెదడు కణాలు నశిస్తాయని 2006లో అంచనా వేశారు.

అయితే దెబ్బతిన్న భాగమంతా ఒకేసారి చనిపోదు. మధ్యభాగం ముందు చనిపోతుంది. దాని చుట్టూ ఉన్న భాగం ప్రక్క నాళాల నుండి వచ్చే కొద్దిపాటి రక్తంతో కొంతసేపు నిలుస్తుంది. నీరందక వాడిన పైరు వంటిది అది. సకాలంలో తడి అందితే తేరుకుంటుంది.

ఈ రెండు భాగాలను వేరుచేసి చూపేదే సి.టి. పెర్ఫ్యూజన్ స్కాన్. ముందు మామూలు సి.టి. తీసి, మెదడులో రక్తస్రావం ఉన్నదేమో చూస్తారు. తరువాత చేతి నరం ద్వారా అయోడిన్ గల కాంట్రాస్ట్ మందును వేగంగా ఎక్కించి, సుమారు ఒక నిమిషం పాటు మెదడును మళ్ళీ మళ్ళీ స్కాన్ చేస్తారు. మందు ఏ భాగానికి ఎంత చేరింది, ఎంత ఆలస్యంగా చేరింది అన్నది కంప్యూటరు లెక్కగట్టి రంగుల పటంగా చూపుతుంది. ఆలస్యంగానైనా తగినంత చేరిన భాగంపై ఆశ ఉంటుంది. దాదాపు చేరని భాగం నష్టపోయినట్లే.

బ్రతికించదగిన భాగం మిగిలి ఉన్న కొందరికి, 6 గంటలు దాటిన తరువాత 24 గంటల లోపు కూడా గడ్డను తీసివేస్తే మేలు కలుగుతుందని 2018లో వెలువడిన పరిశోధనలు చూపాయి. అలాగని ఆగవద్దు. గడ్డను కరిగించే ఇంజక్షన్ సాధారణంగా నాలుగున్నర గంటల లోపే ఇవ్వాలి.

కాంట్రాస్ట్ మందు ఎక్కేటప్పుడు ఒళ్ళంతా వెచ్చగా అనిపిస్తుంది. భయపడవద్దు. కాని ఈ క్రింది సంగతులు డాక్టరుకు తప్పక చెప్పండి:

1. రోగి చివరిసారి మామూలుగా ఉన్న సమయం.
2. మూత్రపిండాల జబ్బు, మధుమేహానికి వాడే మాత్రలు, గర్భం.
3. ఇంతకుముందు ఇటువంటి మందు పడకపోవడం.

రోగికి నీళ్ళు, ఆహారం, పసరు ఏదీ పట్టవద్దు. వెంటనే 108కి ఫోన్ చేసి, సి.టి. స్కాన్ ఉన్న ఆసుపత్రికి తీసుకువెళ్ళండి. ప్రార్థన తప్పక చేయండి, అయితే దారిలోనే చేయండి. మంచి సమరయుడు గాయపడినవానిని చూసి జాలిపడి ఊరుకోలేదు, వెంటనే గాయాలు కట్టి, తన వాహనంపై ఎక్కించుకొని వెళ్ళాడు. మీరును అలాగే చేయండి.

దేవుడు మిమ్మును, మీ కుటుంబాలను దీవించును గాక.